ఉమె జాడీకి బూజు పట్టిన ఏడు

ఆ ఏడు ఉప్పు తగ్గించింది నేనే. ఎవరూ చెప్పలేదు, నేనెవరినీ అడగలేదు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో మా అత్తగారు కినుయో, ఏటా పుల్లటి ఉమె కాయలు ఉప్పులో ఊరేసే జాడీ మీద నన్ను చెయ్యి వెయ్యనిచ్చింది లేదు. చెట్టు నుంచి కాయలు కొయ్యడం, కడగడం, పుల్లతో తొడిమలు తియ్యడం, ఒక్కో కాయనీ గుడ్డతో తుడవడం నా వంతు. ఉప్పు దగ్గరికొచ్చేసరికి "నువ్వు కాస్త అటు జరుగమ్మాయ్" అనేది. ఆ జూన్‌లో వరండా మెట్టు మీద జారి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. దాంతో జాడీ నా చేతికొచ్చింది.

"ఎనిమిది కిలోల కాయకి కిలోన్నర ఉప్పు. ఎడంచేత్తోనే కొలిచి గిన్నెలో పెట్టాను. ఒక్క పలుకు అటూ ఇటూ కాకూడదు," అంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"నేనేమన్నా చిన్నపిల్లనా అత్తయ్యా?"

"చిన్నపిల్లవైతే ఇంతలా చెప్పేదాన్ని కాదు. చిన్నపిల్లలు చెప్పిన మాట వింటారు."

నలభై ఆరేళ్ళ దాన్ని, ఆ మాట పడి ఊరుకున్నాను. ఆవిడ కట్టు మార్పించుకోవడానికి వెళ్ళగానే గిన్నె ముందు కూర్చున్నాను.

అప్పటికి మూడు వారాల ముందు పెద్దాసుపత్రిలో డాక్టరు మాకొక బొమ్మ చూపించాడు. మా ఆయన తోకుజి పొట్టలో పెద్ద రక్తనాళం ఒకచోట కోడిగుడ్డంత ఉబ్బి ఉంది. అది పగిలితే అంబులెన్సు వచ్చేలోపే అంతా అయిపోతుందట. ఆపరేషన్ తప్ప దారి లేదు, ఆలోపు బరువులెత్తకూడదు, బీపీ పెరగకూడదు, ఉప్పు విషమనుకోండి అన్నాడు. ఇళ్ళల్లో నేల మీద పరిచే మందపాటి తాతామి చాపలు కుట్టే పని మాది. ఒక్కో చాప ముప్ఫై కిలోలు. బరువులెత్తొద్దంటే ఇంకేం చెయ్యాలి? ఉప్పొద్దంటే ఇంకేం తినాలి? పొద్దున్నే టీతో ఊరి ఎండిన ఉమె కాయ, ఉమెబోషి, ఒకటి, మధ్యాహ్నం డబ్బాలో అన్నం మధ్య ఒకటి, ఒంట్లో బాగాలేకపోతే జావలో ఇంకొకటి తినే మనిషి ఆయన. మానమంటే ఛస్తే మానడు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక తినబోయేవి ఈ కాయలే కదా, ఉప్పన్నా తగ్గిద్దాం అనుకున్నాను. సగం ఉప్పు తిరిగి డబ్బాలో పోసేశాను. ఏం తెలివే నీది సుమియే అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆపరేషన్‌కి ఆయన్ని ఒప్పించడం ఇంకో భాగోతం. మొదట గుడివాళ్ళ చాపలు పూర్తి కావాలన్నాడు. అవి పూర్తయ్యాక, ఆసుపత్రివాళ్ళు జులై ఇరవై అని చెప్పగానే గోడ మీది క్యాలెండర్ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"ఇక్కడేం రాసుందో చూశావా? బుద్ధుడు పోయిన రోజు. ఆ రోజు ఎవరూ కొత్త చెప్పులు కూడా తొడగరు. నన్ను పొట్ట కోయించుకోమంటావా?"

"డాక్టరు ఇంట్లో క్యాలెండర్ ఉండదా?"

"ఉంటుంది. కానీ పొట్ట ఆయనది కాదుగా."

నేను ఆసుపత్రికి ఫోన్ చేసి, సిగ్గు విడిచి, రోజు మార్పించాను. అవతల నర్సు నవ్వింది. చాలామంది అడుగుతారండీ అంది. ఇరవై ఏడు ఖాయమైంది. ఇరవై నాలుగున వెళ్ళి చేరాలి. క్యాలెండర్లో ఇరవై ఏడు మంచిరోజే, నేనూ రెండుసార్లు చూసుకున్నాను. ఆయన ఇంకో వంక దొరకక మొహం గంటు పెట్టుకుని ఊరుకున్నాడు. ఇంకో వంక దొరక్కుండా చూసుకోవడమే ఆ నెలంతా నా పని అనుకున్నాను.

ఆ వంకని జాడీలో ఊరబెడుతున్నది నేనేనని నాకేం తెలుసు?

ముసురు పట్టింది. జూన్ చివర్లో ఊట కాయల పైకొచ్చింది, ఎర్ర షిసో ఆకు నలిపి వేశాను, రంగు దిగింది, అంతా బాగానే ఉంది. జులై ఆరో తారీఖున మూత తీశాను. పైన తెల్లటి పొర. కాయల మీద బరువుగా పెట్టిన రాయి ఎత్తి చూస్తే కింద ఆకుల మధ్య పచ్చగా, నీలంగా, వెంట్రుకలు మొలిచినట్టు బూజు. అక్కడే గచ్చు మీద కూలబడ్డాను.

ఉమె జాడీకి బూజు పడితే ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరో ఒకరు పోతారని మా వైపు అందరూ అంటారు. మా పుట్టింట్లోనూ అనేవాళ్ళు, నవ్వేవాళ్ళం. ఈ ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వరు. తోకుజికి తొమ్మిదేళ్ళప్పుడు, ఇలాంటి ముసురులోనే, ఆయన తండ్రి చాప భుజాన వేసుకుని వాకిట్లో పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. పది రోజులకి జాడీ తెరిస్తే నిండా బూజు. ఆయన తల్లి, అంటే తోకుజి నాయనమ్మ, ఆ జాడీ చూసిన రోజు నుంచి మా అత్తగారి చేతి ముద్ద ముట్టలేదు. ఇరవై ఏళ్ళు వేరే పొయ్యి మీద వండుకుని తిని పోయింది. "నా కొడుకుని ఊరబెట్టి చంపింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేదట. అది వింటూ పెరిగాడు మా ఆయన.

ఇప్పుడీ బూజు ఆయన కంటపడితే? అడుగు కదలడు. ఆసుపత్రికి కాదు, వీధి చివరికి కూడా రాడు. ఆ గుడ్డు లోపలే పగులుతుంది.

షోచు సారా సీసా తెచ్చాను. గుడ్డ తడిపి కాయ కాయా తుడిచాను, జాడీ తుడిచాను, ఊట మరిగించి వడకట్టి పోశాను. రెండో రోజుకి మళ్ళీ మొలిచింది. అదే సమయానికి పక్కింటి ఫుసాయె గోడ మీదుగా తల పెట్టి, "సుమియే, మీ ఊట ఎలా ఉందే? మాది చూడు, గాజులా ఉంది," అంది.

"మాదీ అంతే."

"ఏదీ, కొంచెం చూపించు."

"మా అత్తయ్యని అడిగి చూపిస్తా."

అత్తయ్య పేరెత్తితే ఫుసాయె తల దానంతటదే కిందికి దిగుతుంది. ఆ విషయంలో మాత్రం అత్తయ్య నాకు చాలాసార్లు పనికొచ్చింది.

మర్నాడు అత్తగారు గుడిలో ఆడవాళ్ళ భజనకి, ఆయన ఎవరింట్లోనో కొలతలకి వెళ్ళారు. జాడీలో ఉన్నదంతా పెరట్లో పాత మరుగుదొడ్డి వెనక గుంట తీసి పాతిపెట్టాను. వెంటనే బస్సెక్కి కొండ అవతల రైతుల అంగడికి వెళ్ళాను. ఎండబెట్టినవి డబ్బాలు డబ్బాలు ఉన్నాయి. నాకు కావాల్సినవి ఇంకా ఊటలో ఉన్నవి, ఎండ చూడనివి. అక్కడ కూర్చున్న రైతు భార్య నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పాడైపోయాయా మీవి?"

"లేదండీ. పిల్లి జాడీ పగలగొట్టింది."

"రాయి పెట్టిన జాడీని పిల్లి పగలగొట్టిందా?"

"పెద్ద పిల్లి."

ఆవిడ ఇంకేం అడగలేదు. లోపలికెళ్ళి తన ఇంటి కోసం వేసుకున్న దాంట్లోంచి రెండు బకెట్లు నింపి, మూతలకి తాడు కట్టి ఇచ్చింది. "ఈ ఏడు చాలా ఇళ్ళల్లో పిల్లులు తిరుగుతున్నాయిలే అమ్మా" అంది. బస్సులో ఆ రెండు బకెట్లూ పాదాల మధ్య పెట్టుకుని ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి రేడియో సౌండు పెంచాడు.

మా దొడ్లో షిసో ఆకు ఇంకా ఉంది. నలిపి వేశాను. పది రోజుల్లో ఆ కాయలు కూడా మా ఇంటి రంగుకొచ్చాయి.

నడివేసవి దోయో ఎండలు మొదలైన రోజు, ఇరవయ్యో తారీఖున, వెదురు తట్టలు పెరట్లో పరిచి కాయలు ఆరబెట్టాను. మూడు పగళ్ళు ఎండ తగలాలి, మధ్యలో ప్రతి కాయనీ తిప్పాలి. అత్తగారు కుర్చీ తెచ్చుకుని తట్టల పక్కన కూర్చుంది. ఎడంచేత్తో ఒక్కొక్కటే తిప్పుతోంది. నేను బట్టలు ఆరేసే నెపంతో ఆవిడ మొహమే చూస్తున్నాను.

"కాయ బాగా లావైంది ఈ ఏడు," అంది.

"వానలు బాగా పడ్డాయి కదండీ."

"ఊఁ. ఉప్పు నేను కొలిచిందంతా వేశావా?"

"మీరు ఇచ్చిందంతా వేశాను."

"ఊఁ."

మూడో రోజు సాయంత్రం ఒక కాయ తుంచి నోట్లో వేసుకుంది. చాలాసేపు చప్పరించింది. టెంక అరచేతిలోకి ఉమ్మి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పారెయ్యకుండా ఏప్రాన్ జేబులో వేసుకుంది. "బాగున్నాయి. జాడీకెత్తు," అని లోపలికెళ్ళిపోయింది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. గట్టెక్కాను అనుకున్నాను. ఇంకొక్క రోజు గడిస్తే ఆయన ఆసుపత్రి మంచం మీద ఉంటాడు.

ఆ ఒక్క రోజే మిగిలింది.

ఇరవై మూడున మధ్యాహ్నం భోంచేశాక ఆయన పార తీశాడు. "రేపట్నుంచి ఆసుపత్రి కూడే కదా. ఇవాళ కాలవలో రెండు ఈల్ చేపలు పడతాను. దోయోలో ఈల్ తినకుండా ఎప్పుడన్నా ఉన్నానా?"

"బరువు పనులు చెయ్యొద్దన్నారు."

"వానపాములు ఏం బరువే?"

ఆయన మొహంలో రెండు నెలల తర్వాత మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. అందుకే అడ్డం చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. మా పెరట్లో వానపాములు ఎక్కువుండేది పాత మరుగుదొడ్డి వెనకే. ఆ సంగతి నాకు తట్టేసరికి పార చప్పుడు ఆగిపోయింది.

వెళ్ళి చూస్తే ఆయన నేల మీద చతికిలబడి ఉన్నాడు. ముందు పారలో మట్టి పట్టిన కాయలు, ముదురెరుపు ఆకులు, వాటి మీద ఇంకా చావని బూజు.

"మన చెట్టు కాయలే. మూతి సన్నగా ఉంది," అన్నాడు. "ఎప్పుడు చూశావు?"

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు. "ఆరో తారీఖున."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. ఏవండీ, ఉప్పు నేనే తగ్గించాను. మీ బీపీ కోసం సగం తీసేశాను. ఉప్పు తక్కువైతే దేనికైనా బూజు పడుతుంది. ఇందులో ఇంకేం లేదు. నా తెలివితక్కువతనం తప్ప ఇంకేం లేదు."

"ఉప్పు వల్లో, చెయ్యి వల్లో, ఏదో ఒకదాని వల్లే పడుతుంది ఎప్పుడైనా. మా నాన్నప్పుడు మాత్రం ఊరికే పట్టిందా?" పార పక్కన పెట్టాడు. "రేపు నేను రావట్లేదు. ఫోన్ చేసి చెప్పు."

"చెప్పను."

"నేను చెప్తా అయితే."

"పగిలితే?"

"పగిలితే నా ఇంట్లో పోతా. ముక్కూ మొహం తెలియనివాళ్ళ బల్ల మీద పడుకుని పోను."

"మరి నేను? పిల్లలా పాడా, నాకెవరున్నారు? మీరు దర్జాగా ఇంట్లో పోతే నేనేం చేసుకోవాలి ఈ ఇంటిని?" గొంతు చించుకుని అరిచాను. ఆయన మీద అంతలా అరవడం అదే మొదలు. ఆయన తలెత్తలేదు. ఆ మెడ వంచుకున్న తీరు చూస్తే నాకు తెలిసిపోయింది, ఈ మనిషి ఇక కదలడని.

వరండాలోకి అత్తగారు వచ్చి నిలబడింది. "ఏమిటా అరుపులు? ఫుసాయె గోడకి చెవి ఆనించి ఉంటుంది."

ఆవిడ చెప్పులు తొడుక్కుని దిగి వచ్చింది. పారలో ఉన్నవి చూసింది. ఉలిక్కిపడుతుందనుకున్నాను, గుండె పట్టుకుంటుందనుకున్నాను. ఆవిడ పక్కనున్న రాతి మీద నెమ్మదిగా కూర్చుంది.

"ఇందుకా రానంటున్నావు?"

"నీకు తెలీదా అమ్మా ఇదేమిటో?"

"తెలుసు. తోకుజీ, నేనో మాట చెప్తా, మధ్యలో మాట్లాడకు. మీ నాన్న పోయిన రోజున మన జాడీకి ఏం లేదు. ఊట తేటగా ఉంది. కాయలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి."

ఆయన తలెత్తాడు.

"మీ నాయనమ్మ పగలూ రాత్రీ ఒకటే అడిగేది. పొద్దున అన్నం తిన్నవాడు మధ్యాహ్నానికి ఎలా పోతాడు, ఎందుకు పోయాడు, ఏం పెట్టావు, ఏం చేశావు అని. డాక్టరుకే తెలీదు, నాకేం తెలుసు? ఏదో ఒకటి చూపిస్తే ఆ ఏడుపు ఆగుతుందనుకున్నా. బావి నీళ్ళు రెండు గరిటెలు తెచ్చి జాడీలో పోశాను. వారంలో పట్టింది బూజు. ఆవిడని పిలిచి మూత తీసి చూపించాను."

"నువ్వే పోశావా?"

"నేనే. నన్ను తిట్టుకుంటుంది, తిట్టుకుంటే మనసు కుదుటపడుతుంది అనుకున్నా. ఇరవై ఏళ్ళు తిడుతుందని అనుకోలేదు. కాబట్టి, నాయనా, బూజుకీ చావుకీ ఏ సంబంధమూ లేదు. ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. నీ పెళ్ళాం ఉప్పు తక్కువేసింది, అంతే. రేపు వెళ్ళు."

తర్వాత ఆయన గొంతు వినిపించింది. యాభై ఒక్కేళ్ళ మనిషి గొంతులా లేదు.

"ఆ ఏడు జాడీలో నేను చెయ్యి పెట్టాను."

"ఏమిటి?"

"నాన్న పోవడానికి వారం రోజుల ముందు. మట్టిలో ఆడుకుని వచ్చి, కడుక్కోకుండా చెయ్యి పెట్టి ఒక కాయ తీసుకుని తిన్నాను. బూజు పట్టింది నా చేతి వల్లే అనుకున్నాను. నాయనమ్మ నిన్ను తిట్టినప్పుడల్లా, అది నేను, అమ్మ కాదు అని చెబుదామని లేచేవాణ్ణి. భయమేసి మళ్ళీ కూర్చునేవాణ్ణి. నలభై రెండేళ్ళమ్మా! నాన్నని నేనే చంపానని నలభై రెండేళ్ళు మోశాను."

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకెందుకు చెప్పలేదురా?" అంది. ఆ మాట సగం గాలే.

"నువ్వు నాకెందుకు చెప్పలేదు?" ఆయన లేచి నిలబడ్డాడు. నాకు బీపీ గుర్తొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాను. విదిలించలేదు. "ఒక్క మాట. రెండు గరిటెల నీళ్ళమ్మా. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే..." ఆగిపోయాడు. "సుమియే, బ్యాగు సర్దు. రేపు పొద్దున బస్సుకి వెళ్దాం."

వాకిలి దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా, "ఆవిడని మాత్రం రావొద్దని చెప్పు" అన్నాడు.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఒక్కదాన్నే కూర్చున్నాను. బూజుకీ చావుకీ సంబంధం లేదు, అత్తయ్య స్వయంగా చెప్పింది, లేదు అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. అనుకున్న ప్రతిసారీ ఆ నీలం వెంట్రుకలు కళ్ళ ముందుకొచ్చేవి. డాక్టరు టోపీ తీసుకుంటూ వచ్చి, "బాగా జరిగింది. గోడ కాగితంలా ఉంది లోపల, వచ్చే నెలదాకా ఆగేది కాదు," అన్నాడు. వంగి దండం పెట్టాను. ఎంత వంగానంటే మళ్ళీ లేవడానికి నర్సు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇంటికి ఫోన్ చేశాను. ఒక్కసారి మోగగానే ఎత్తింది ఆవిడ.

"అత్తయ్యా, బతికాడు."

"సరే," అంది. పెట్టేసింది.

ఆగస్టు మూడో వారంలో ఇంటికొచ్చాడు. తల్లి గుమ్మంలో నిలబడి ఉంటే పక్కనుంచి లోపలికి వెళ్ళాడు. ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, అరవలేదు. ఆవిడ అక్కడ లేనట్టే ఉన్నాడు. ఆవిడ కూడా ఏం ఆశించలేదు. ఆయన గదిలోకొస్తే పని కల్పించుకుని బయటికెళ్ళేది. నాకు ఒళ్ళు మండేది, ఇద్దరి మీదా. చచ్చి బతికొచ్చిన కొడుకు, బతికున్న తల్లి. మధ్యలో తపాలా మనిషిలా నేను.

ఫుసాయె గోడ మీదుగా నాకొక మాట చెప్పింది. "మీరు ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ అయ్యేదాకా, ఆ మూడు రోజులూ మీ అత్తగారు మెతుకు ముట్టలేదే. నేను అన్నం ముద్దలు చేసి తెస్తే, ఇప్పుడు కాదు ఫుసాయె అని వెనక్కి పంపేసింది. మంచినీళ్ళు తప్ప ఏం తాగలేదు. అంత భయం దేనికే, ఆపరేషన్లు ఎంతమందికి అవట్లేదు?"

నేను పెద్దగా పట్టించుకోలేదు. తల్లి కదా అనుకున్నాను.

సెప్టెంబరులో పితృదేవతల వారం వచ్చింది. ఆయన కర్ర పట్టుకుని ఒక్కడే కొండ మీది సమాధుల దగ్గరికి వెళ్ళాడు. నేను వస్తానంటే వద్దన్నాడు. రెండు గంటలు గడిచినా రాకపోతే నాకు కాలు నిలవలేదు. తిరిగొచ్చాక వాకిట్లోనే నా ముందు నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం నేను ఎన్నడూ చూడనంత తేటగా ఉంది.

"నాన్న ముందు ఇవాళ మొదటిసారి తలెత్తి నిలబడ్డానే," అన్నాడు. "ప్రతి ఏడూ ఆ రాయి మీద నీళ్ళు పోస్తూ, క్షమించు నాన్నా, నా చెయ్యి అనేవాణ్ణి లోపల. ఇవాళ ఆ మాట అనక్కర్లేకపోయింది." కర్ర గోడకి ఆనించి, "అమ్మని మాత్రం నేను క్షమించలేను. నువ్వు నాకు చెప్పొద్దు," అని లోపలికెళ్ళాడు.

వంటింట్లో అత్తగారు ఎండిన గిన్నెలు సర్దుతోంది. కిటికీ తెరిచే ఉంది. అంతా వినే ఉంటుంది.

నేనిక ఊరుకోలేకపోయాను. "అత్తయ్యా, మీరే ఒకసారి వెళ్ళి అడగండి. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, తెలియక చేశాను, క్షమించరా అనండి. వట్టి రెండు గరిటెల నీళ్ళకి..."

"నీళ్ళేం పొయ్యలేదు," అంది.

గిన్నె మీద గిన్నె పెడుతూనే ఉంది. నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

"ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందే బూజు చూశాను. నీలాగే దాచాను. నీలాగే షోచుతో తుడిచాను. ఈ ఏడు వంటింట్లో ఆ వాసన తగలగానే నాకు తెలిసింది, మళ్ళీ వచ్చిందని. నువ్వు ఆరేసిన కాయల టెంక చూశాక ఇంక అనుమానమే లేదు. మన చెట్టు టెంక అంత ఉండదు."

"మరి ఆ రోజు పెరట్లో..."

"ఇంకేం చెప్తే కదిలేవాడు?"

"అంటే మీరు నమ్ముతారా అత్తయ్యా? బూజు పడితే..."

"నమ్మకపోతే ఆ మూడు రోజులూ అన్నం ఎందుకు మానేశాననుకున్నావు? ఇంట్లో ఎవరో ఒకరు పోతారంటారు గానీ, వాడే అని ఎవరూ అనరుగా. నన్ను తీసుకెళ్ళమని కూర్చున్నా." గిన్నెల మీద గుడ్డ కప్పింది. "పంపేటప్పుడు నా ప్రాణం నాలో లేదే సుమియే. అయినా పంపాను. ఇంట్లో ఉంటే తప్పకుండా పోతాడు, అక్కడైతే సగం ఆశన్నా ఉంది."

"ఇప్పుడన్నా నిజం చెప్పండి ఆయనకి. బతికాడు కదా. మీ మీద ఈ కోపం ఎందుకు?"

ఆవిడ నా వైపు తిరిగింది. ఇరవై రెండేళ్ళల్లో ఆ మొహంలో బతిమాలటం నేనెప్పుడూ చూడలేదు.

"నిజం చెప్తే ఆ బూజు మళ్ళీ వాడి చేతికే అంటుతుంది. వాడు ఆ రోజు చెయ్యి పెట్టాడని నాకు తెలియదే. తెలియక చెప్పిన అబద్ధం అది, తెలిసుంటే నలభై ఏళ్ళ కిందటే చెప్పేదాన్ని. తలెత్తి నిలబడ్డాడట కదా వాళ్ళ నాన్న ముందు, నేనూ విన్నాను. నువ్వు నోరు విప్పావా, నా మీద ఒట్టు. నేను పోయాక కూడా విప్పకు."

నేను తలూపాను. ఏడవడానికి కూడా లేదు, ఆయన పక్కగదిలోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం సమ్మా చేపలు కాల్చాను. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన అంత ఇష్టంగా తినడం అదే మొదలు. చేప ముల్లు శుభ్రంగా తీసి పక్కన పెట్టి, ఖాళీ గిన్నె నా వైపు చాచాడు.

"ఇంకొంచెం అన్నం పెట్టు సుమియే."

అన్నం తపేలా అత్తగారి మోకాలి దగ్గరుంది. నేను ఆ గిన్నె ఆవిడకిచ్చాను. ఆవిడ ఇంకా సరిగ్గా తిరగని ఆ కుడిచేత్తోనే అన్నం వడ్డించి, అంచు తుడిచి, నాకిచ్చింది. నేను ఆయనకిచ్చాను.